ఎనిమిదో రోజు పాలడబ్బా

డాక్టర్ అసియెదు గారికి ఒకే ఒక్క పిచ్చి. కణానికి పేరు పెట్టందే ఆయనకు ముద్ద దిగదు.

పేరంటే ప్రయోగశాలల్లో అందరూ పెట్టే అంకెలూ అక్షరాలూ కావు. మనిషి పేరు. అదీ బతికున్న మనిషి పేరు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, అడిగి, ఒప్పించి, ఎనిమిదో రోజున పద్ధతి ప్రకారం నామకరణం చేసి మరీ పెట్టేవారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అనలేదు.

కుమాసి పట్నం శివార్లలో ఎర్రమట్టి రోడ్డు చివర ఉన్న ఆ పశువైద్య ప్రయోగశాలలో ఫ్రెమా టెక్నీషియన్‌గా చేరిన మొదటి రోజునే ఈ సంగతి బోధపడింది. కణాలున్న పళ్ళెం మూత మీద చక్కటి అక్షరాలతో 3బి7 అని రాసిందామె. డాక్టర్‌గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశారు.

"ఇదేమిటమ్మా, ఖైదీనా?"

"గుర్తుకోసమండీ."

"మీ ఇంట్లో పిల్లల్ని గుర్తుపట్టడానికి వీపు మీద అంకెలు వేశారా?"

వేయలేదని ఫ్రెమా ఒప్పుకుంది. స్పిరిటు దూదితో 3బి7ని తుడిచేయించాక గాని ఆయన టీ తాగలేదు.

ఆయన పని చెప్పాలంటే పెద్ద కథే గాని, ఆయనే చిన్నది చేసి చెప్పేవారు. బర్డ్ ఫ్లూ వైరస్‌లు ఒకటి కాదు, ఓ పెద్ద కుటుంబం. చంపిన వైరస్‌ను ఎలుకకు ఎక్కిస్తే, దాన్ని గుర్తుపట్టే కణాలు ఎలుక ఒంట్లో తయారవుతాయి. ఆ కణానికి చావెరగని మరో కణంతో పెళ్ళి చేసి, పళ్ళెంలోని ఒక్కో గుంటలో ఒక్కటంటే ఒక్క కణాన్నే వదిలితే, అది పెరిగి పెద్ద వంశమవుతుంది. వంశమంతా ఒకే యాంటీబాడీని తయారుచేస్తుంది, అది ఒకే రకం వైరస్‌ను పట్టుకుంటుంది. లోకం దాన్ని మోనోక్లోనల్ అంటుంది. అసియెదు గారు మాత్రం "ఒక్క తల్లి పిల్లలు" అనేవారు.

"పుట్టి ఎనిమిది రోజులు నిలవని బిడ్డ చుట్టం. నిలిస్తేనే మనది. పెద్దలు ఊరికే అన్నారా?" అనేవారు. కణాల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. వారం తిరక్కుండానే కొన్నింటికి బూజు పట్టేది, కొన్ని ఊరికే ముడుచుకుపోయేవి. ఎనిమిదో రోజుకు మిగిలినవాటికే పరీక్ష.

ఆ పరీక్షా ఆయన పద్ధతిలోనే. అక్కడి ఇళ్ళలో బిడ్డకు పేరు పెట్టేటప్పుడు ఇంటి పెద్ద వేలితో బిడ్డ నాలుక మీద నీటిచుక్క వేస్తాడు, తర్వాత సారాచుక్క వేస్తాడు. నీళ్ళయితే నీళ్ళు అను, సారా అయితే సారా అను అంటాడు. జన్మంతా నిజమే మాట్లాడమని దాని అర్థం. అసియెదు గారు ఒక గుంటలో ఉత్త నీళ్ళూ, మరో గుంటలో చంపిన వైరస్సూ పోసి, కొత్త యాంటీబాడీని రెండింటి మీదా వేసి, వంగి అదే మాట దాని చెవిలో ఊదేవారు. చెవి ఎక్కడుందని ఫ్రెమా అడగలేదు. వైరస్ ఉన్నచోట నీలం రంగు రావాలి, నీళ్ళు నీళ్ళలాగే ఉండాలి. అలా ఉంటే బిడ్డ నిజాయితీపరుడన్నమాట. మనుషుల బిడ్డలు ఆ మాట విని పెరిగి ఏం చేస్తున్నారో మనకు తెలియనిదా?

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా పాలడబ్బాతో వచ్చింది. ఎవరి పేరు పెడితే వాళ్ళు బిడ్డకు కానుక తేవాలి, అది ఆచారం. డాక్టర్‌గారు ఆచారంలో అణువంత కూడా సడలించే మనిషి కాదు. పాలడబ్బా రానిదే పేరు లేదు, పేరు లేనిదే కణాలను గడ్డకట్టించి దాచే గడ్డపెట్టెలో చోటు లేదు. ఆ డబ్బాలు చివరికి ప్రయోగశాల టీలోకే వస్తాయి గనుక ఫ్రెమా నోరు మెదపలేదు. ఆయన వరండాలో చేతులు వెనక్కి కట్టుకొని, ఎవరి వంకైనా చూసి నవ్వితే చాలు, జనం గోడచాటుకు తప్పుకునేవారు.

డైరెక్టర్ అద్దాయ్ గారు తప్పుకోలేకపోయారు. పొడుగాటి మనిషి, కోటు గుండీ ఊడదీయని మనిషి.

"రేపు పంపిస్తాలే డాక్టర్," అన్నారు పాలడబ్బా అడిగితే.

"ఈరోజు పేరు పెట్టాల్సిన బిడ్డ రేపటిదాకా ఆగుతుందా సార్? ఎనిమిదో రోజు ఈరోజే," అన్నారు అసియెదు గారు. డ్రైవర్ కారేసుకొని దుకాణానికి వెళ్ళి వచ్చేదాకా డైరెక్టర్‌గారు ఆ పళ్ళెం పక్కనే నిలబడాల్సి వచ్చింది.

తీరా పరీక్ష చేసి చూస్తే ఆయన పేరున్న కణం, చిన్న అద్దాయ్, వైరస్ మీద నీలమయ్యాడు, నీళ్ళ మీద నీలమయ్యాడు, ఏమీ పోయని గుంటలోనూ నీలమయ్యాడు. డాక్టర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"డైరెక్టర్‌గారు అన్నిటికీ అవునంటున్నారమ్మా."

ఫ్రెమా పెదవి కొరుక్కుంది. మర్నాడు పొద్దున, రాజధాని అక్రా నుంచి వచ్చిన అతిథుల ముందే, అసియెదు గారు వరండాలో డైరెక్టర్‌గారికి ఎదురెళ్ళి గంభీరంగా చెప్పారు: "చెప్పడానికి నోరు రావడం లేదు సార్. ఇందాకే తమరిని బ్లీచింగ్ నీళ్ళలో ముంచేశాను."

డైరెక్టర్‌గారు చాలా రోజులు మాట్లాడలేదు. ఎలుక కణం కోసం అంత పెద్ద మనిషి అన్నాళ్ళు మూతి ముడుచుకోవడమేమిటని ఫ్రెమాకు అప్పట్లో ఆశ్చర్యమే. డాక్టర్‌గారేమో పట్టు వదల్లేదు. "మీ పేరు పోనివ్వను సార్, మళ్ళీ మొదలుపెట్టాను," అని వెంటపడి మరీ చెప్పేవారు.

కాపలాదారు ఒపొంగ్ సంగతి ఇంకో రకం. ఒపొంగ్ నోట నిజం వస్తే వాన పడుతుందని అక్కడ సామెతే పుట్టింది. అతనికి ఏడుగురు కొడుకులట. ఒకడు తకోరాదీ రేవులో ఓడ కెప్టెను. ఒకడు బంగారు గనిలో అందరికన్నా పెద్దాయన. మిగతా ఐదుగురి ఉద్యోగాలు వారం వారం మారేవి. అలాంటివాడి పేరు కణానికి పెడతానంటే ఫ్రెమా ఊరుకోలేకపోయింది.

"ఒపొంగ్ పేరా? ఆ కణం ఏం చెప్పినా ఎవరు నమ్ముతారండీ?"

"నమ్మించుకోవడం దాని పని. మనకెందుకు?"

ఒపొంగ్ పాలడబ్బా తెచ్చాడు. అది ప్రయోగశాల టీ అలమరలోదేనని మర్నాడు తెలిసింది. చిన్న ఒపొంగ్ మాత్రం నిప్పులాంటివాడు. బర్డ్ ఫ్లూ కుటుంబంలో హెచ్ నైన్ అనే వైరస్‌ను తప్ప దేన్నీ ముట్టుకునేవాడు కాదు.

ఇక సెర్వా. గేటు దగ్గర గుడ్లమ్ముకునే మనిషి. ఫ్రెమా వాళ్ళ అన్న ఉండే పేటలోనే ఇల్లు, ఇంటి వెనక కోళ్ళ దొడ్డి. బతుకంతా ఆ కోళ్ళే. నోట్లో నువ్వుగింజ నానదు. డాక్టర్‌గారు వెళ్ళి పేరు అడిగిన రోజున మాత్రం ఆమెకు మాట పెగల్లేదు.

"నా పేరా?"

"నీ పేరేనమ్మా."

"మళ్ళీ చెప్పండి."

ఆయన మళ్ళీ చెప్పారు. సెర్వా తల మీది గంప దించి గోడ మీద కూర్చుంది.

"ఆ పిల్ల మంచిదేనా?"

"ఇప్పుడే ఏం చెప్పను? ఎనిమిదో రోజు తెలుస్తుంది."

ఎనిమిదో రోజున సెర్వా పాలడబ్బాలు అట్టపెట్టెతో సహా దింపింది. సబ్బులు తెచ్చింది. పసుపు పువ్వుల గౌనొకటి కుట్టించి తెచ్చింది.

"ఎలుక కణానికి గౌనేమిటి అక్కా?" అంది ఫ్రెమా.

"కొలత తెలీక కొంచెం పెద్దది తెచ్చాలే," అంది సెర్వా.

ఆ గౌను గడ్డపెట్టె మీద కప్పారు. పళ్ళెంలో చిన్న సెర్వా బంగారంలా పెరిగింది. కోళ్ళను రోజుల్లో తుడిచిపెట్టే హెచ్ ఫైవ్ వైరస్‌ను పట్టడంలో ఆమెను మించింది ఆ ప్రయోగశాలలో లేదు. గేటు దగ్గర రోజూ విచారణ జరిగేది.

"పిల్ల ఎలా ఉంది డాక్టర్‌గారూ?"

"నిన్న కాస్త ఆకలి మందగించింది. ఈరోజు కోలుకుంది."

"దిష్టి తగిలి ఉంటుంది."

"అదే నేనూ అనుకున్నాను," అనేవారు, ఆ అంతలేసి చదువులు చదివిన మనిషి.

ఇందరి పేర్లు పెట్టారు గాని ఫ్రెమా పేరు మాత్రం పెట్టలేదు. వంటమనిషి పేరుంది, ఎలుకల గది ఊడ్చే ముసలావిడ పేరుంది, ఆఖరికి అబద్ధాల ఒపొంగ్ పేరూ ఉంది. ఏళ్ళ తరబడి ఆ కణాలకు గంజి అనే పోషకద్రవం పోసి పెంచుతున్న తన పేరే లేదు. ఒకసారి అడిగేసింది కూడా. "నీకు తొందరేమిటమ్మా?" అని ఆయన వెళ్ళిపోయారు. ఆమెకు ఒళ్ళు మండింది.

ఎడారి నుంచి వచ్చే హర్మత్తాన్ గాలి దుమ్ము రేపే రోజుల్లో ఒక పొద్దున సెర్వా గేటు దగ్గర కనిపించలేదు. మర్నాడు వచ్చింది గాని తల మీద గంప లేదు. గేటు దాటి లోపలికి రాకుండా రోడ్డవతలే నిలబడి చెప్పింది.

"కోళ్ళు గుడ్లు మానేశాయి డాక్టర్‌గారూ. ముక్కులు కారుతున్నాయి. కొన్ని పోయాయి కూడా."

ఆమె వెనకే జిల్లా పశువైద్యాధికారి జీపులో వచ్చాడు. దొడ్డిలోనే అట్టముక్క పరీక్ష చేశాడట, ఫ్లూ అని గీత వచ్చిందట. ఏ ఫ్లూ అన్నది ఆ గీత చెప్పదు. హెచ్ నైన్ అయితే దొడ్డికి తాళం వేసి, కోళ్ళకు సేవ చేసుకుంటూ కూర్చోవచ్చు. హెచ్ ఫైవ్ అయితే ఆ సాయంత్రానికల్లా సెర్వా కోళ్ళన్నిటినీ చంపి పూడ్చాలి. చుట్టుపక్కల దొడ్లనూ వదలరు. నమూనాలు కొన్ని జీపులో ఇక్కడికి తెచ్చాడు; కొన్ని అక్రాలోని పెద్ద ప్రయోగశాలకు వెళ్ళాయి గాని జవాబు రావడానికి రోజులు పడుతుంది.

"అన్నాళ్ళు నేను ఆగలేను సార్," అన్నాడు అధికారి డైరెక్టర్‌గారితో. "హెచ్ ఫైవే అయితే పేటంతా అంటుకుంటుంది. సాయంత్రంలోగా మీరేదో ఒకటి చెప్పండి. చెప్పకపోతే మా వాళ్ళు గోతాలతో దిగుతారు."

డైరెక్టర్‌గారు అసియెదు గారి వంక చూశారు. "మీరు మాత్రం వద్దు డాక్టర్. ఆవిడ పేరున్న యాంటీబాడీ, ఆవిడ కోళ్ళు, మీ చెయ్యి. రేపు నలుగురూ ఏమంటారు?"

"నేను లోపలికే రాను సార్. ఫ్రెమా చేస్తుంది. ఏ గుంటలో ఏది పోయాలో మీరు పోయండి. ఎందులో ఏముందో మీకు తప్ప ఎవరికీ తెలియనక్కర్లేదు."

అలాగే జరిగింది. ఫ్రెమా గోడ వైపు తిరిగి నిలబడింది. డైరెక్టర్‌గారు కోటు విప్పి, చేతికి తొడుగులు వేసుకొని, కొన్ని గుంటల్లో సెర్వా కోళ్ళ నమూనా, కొన్నింటిలో నీళ్ళు, ఒక గుంటలో మందు పెట్టి చంపిన పాత హెచ్ ఫైవ్ పోశారు. తర్వాత ఫ్రెమా చిన్న సెర్వాను తెచ్చి అన్నిటి మీదా వేసింది. చెవిలో ఊదాల్సిన మాట ఊదడానికి డాక్టర్‌గారు లేరు. డైరెక్టర్‌గారు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, తనే వంగి గొణిగారు. ఫ్రెమా విననట్టు నటించింది.

కిటికీ అద్దాల సందుల్లోంచి రోడ్డు మీది మాటలు వినిపిస్తున్నాయి.

"నీ కూతురు ఉన్నదే చెబుతుంది," అంటున్నారు అసియెదు గారు. "అది నీకు మంచిదే అవుతుందని మాత్రం నేను మాటివ్వలేనమ్మా."

"చెప్పనీయండి," అంది సెర్వా. "అబద్ధమాడి నన్ను కాపాడే కూతురు నాకెందుకు?" మళ్ళీ తనే అంది, "కానీ ఆ కోళ్ళు పోతే నాకేమీ మిగలదు డాక్టర్‌గారూ."

ఫ్రెమా అన్ని గుంటల్లోనూ రంగుమందు పోసింది. ఒక గుంట నీలమైంది. కాసేపటికి చిక్కటి నీలమైంది. డైరెక్టర్‌గారు దాని వంకే చూస్తున్నారు.

"సార్, అది ఏది?"

"అది నేను పోసిన పాత హెచ్ ఫైవ్," అన్నారాయన. "మిగతావి?"

మిగతావన్నీ నీళ్ళలా ఉన్నాయి. ఎంతసేపు చూసినా నీళ్ళలాగే ఉన్నాయి.

"సరే, హెచ్ ఫైవ్ కాదు. మరేమిటి?" అన్నారు డైరెక్టర్‌గారు.

ఫ్రెమా గడ్డపెట్టెలోంచి చిన్న ఒపొంగ్‌ను తెచ్చింది. డైరెక్టర్‌గారు గుంటలన్నీ మళ్ళీ కొత్తగా నింపారు. ఈసారి పాత హెచ్ ఫైవ్ తెల్లగా ఉండిపోయింది. సెర్వా కోళ్ళ గుంటలు ఒకదాని వెనక ఒకటి నీలమయ్యాయి.

"ఒపొంగ్ ఏమంటున్నాడు?" అన్నాడు అధికారి గుమ్మంలోంచి.

"హెచ్ నైన్ అంటున్నాడు," అంది ఫ్రెమా.

డైరెక్టర్‌గారు తొడుగులు విప్పుతూ, "ఒపొంగ్ చెప్పాడంటే..." అని ఆగిపోయారు. ఆ వాక్యాన్ని అంతవరకు ఆ ఆవరణలో ఎవరూ పూర్తిచేసి ఎరగరు. "...నమ్మాల్సిందే," అని పూర్తిచేశారు.

దొడ్డికి తాళం పడింది, గోతాలు జీపులోనే ఉండిపోయాయి. అక్రా నుంచి వచ్చిన జవాబులో ఒపొంగ్ మాటే ఉంది. కోళ్ళు కొన్నాళ్ళు అలిగినట్టు కూర్చుని, మెల్లగా గుడ్లకు దిగాయి. ఒపొంగ్ ఆ రోజు నుంచి ఓడ కెప్టెన్ ఊసెత్తలేదు. గేటు దగ్గర ఎవరు ఆగినా, "మావాడు లోపల గడ్డపెట్టెలో ఉంటాడు. హెచ్ నైన్ పట్టింది మావాడే," అనేవాడు. పాపం, జన్మలో మొదటిసారి నిజం చెబుతుంటే ఎవరూ నమ్మేవారు కాదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఫ్రెమా అన్నకు ఆడపిల్ల పుట్టింది. ఎనిమిదో రోజున ఇంటిల్లిపాదీ తెల్లబట్టలు కట్టుకొని పేర్లు ఆలోచిస్తున్నారు. కోళ్ళ గొడవలో పేట బతికి బయటపడ్డ సంతోషంలో ఉన్న ఫ్రెమా వదిన, "సెర్వా అని పెడితేనో?" అంది.

ముసలి మేనత్త కస్సుమంది. "నోరు కడుక్కో. పిల్లల్లేని దాని పేరు పసిదానికి పెడతామా? ఆ బీడు దీనికీ తగలాలా? ఫ్రెమా పేరు పెట్టండి. ఇద్దరు పిల్లల తల్లి, లక్షణంగా ఉంది."

అందరూ తలలూపారు. పిల్లను తెచ్చి ఫ్రెమా ఒళ్ళో పెట్టారు. ఫ్రెమా మాత్రం అక్కడ లేదు. మనసులోనే గడ్డపెట్టె తలుపు తీసి ఒక్కొక్క పేరే చూస్తోంది. సెర్వాకు పిల్లల్లేరు. వంటమనిషికి లేరు. ఎలుకల గది ముసలావిడకు లేరు. ఒపొంగ్ ఏడుగురు కొడుకుల్లో ఒక్కణ్ణీ ఎవరూ చూసింది లేదు. డైరెక్టర్‌గారింటికి పండక్కి వెళ్ళినప్పుడు ఆ పెద్ద హాల్లో ఎన్నో కుర్చీలూ ఇద్దరే మనుషులూ ఉండటం గుర్తొచ్చింది. ఆయన అన్నాళ్ళు ఎందుకు అలిగారో అప్పుడు అర్థమైంది. అంతకుముందెప్పుడూ లేనిది, తన పేరు ఆ పెట్టెలో లేనందుకు ఆమెకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి.

మర్నాడు డాక్టర్‌గారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మీ ఇంట్లో నామకరణం బాగా జరిగిందా?" అన్నారాయన సూక్ష్మదర్శినిలోంచి తలెత్తకుండా.

"జరిగిందండీ. నా పేరే పెట్టారు."

"చూశావా? నీకు తొందరేమిటని నేను అప్పుడే అన్నాను."

"మరి మీ పేరు ఎవరికి పెట్టారండీ?"

అసియెదు గారు సూక్ష్మదర్శిని మరను అటూ ఇటూ తిప్పారు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ప్రయోగశాల వెనక ఒంటిగదిలో ఉంటారు.

"తండ్రి తన పేరు తనే పెట్టుకోవడం పద్ధతి కాదమ్మా," అన్నారు. "ఆ రెండో పళ్ళేనికి గంజి పోశావా?"

ఫ్రెమా పోసింది. పోస్తూ, ఆ రెండో పళ్ళెంలో ఓ మూల గుంటలో నెమ్మదిగా, మొండిగా, తన మానాన తను పెరుగుతున్న కణాన్ని ఒకదాన్ని చూసి పెట్టుకుంది. ఎవరెవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పింది.

దాని ఎనిమిదో రోజున డాక్టర్‌గారు ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చారు. గది నిండా జనం. సెర్వా తెల్లబట్ట కట్టుకొని వచ్చింది. ఒపొంగ్ సారాసీసా పట్టుకొని, అందులో ఇంకా సారా మిగిలి ఉండగానే నిలబడ్డాడు, అదొక వింత. డైరెక్టర్ అద్దాయ్ గారు కోటు లేకుండా తెల్లచొక్కాలో ఉన్నారు.

"ఏమిటిదంతా? నేనింకా ఎవరినీ పేరు అడగలేదే," అన్నారు అసియెదు గారు.

డైరెక్టర్‌గారు ఆయన వంక చూడనైనా చూడకుండా పళ్ళెం మీదికి వంగారు. "అసియెదూ," అని పిలిచారు, "నీళ్ళయితే నీళ్ళు అను. సారా అయితే సారా అను."

తననే కాబోలనుకొని డాక్టర్‌గారు "చిత్తం" అన్నారు. ఆ తర్వాత సంగతి అర్థమై, అక్కడున్న ఎత్తుపీట మీద మెల్లగా కూర్చున్నారు. గుంటలో నీలం వచ్చింది. పక్క గుంటలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"అంతా బాగానే ఉంది," అన్నాడు ఒపొంగ్, చెయ్యి చాపి. "పేరుగలాయన పాలడబ్బా ఏదీ?"

డాక్టర్‌గారు జేబులు తడుముకున్నారు. ఒక జేబులో పెన్ను, ఇంకో జేబులో దూది. "రేపు తెస్తాను," అన్నారు నీరసంగా.

"రేపా?" అన్నారు డైరెక్టర్‌గారు. ఈ క్షణం కోసం ఆయన చాలాకాలంగా ఎదురుచూస్తున్నట్టుంది. "ఈరోజు పేరు పెట్టాల్సిన బిడ్డ రేపటిదాకా ఆగుతుందా డాక్టర్? మీ కోసం కారు పంపేది లేదు."

ఆయన లేచారు. తెల్లకోటుతోనే గేటు దాటి ఎర్రమట్టి రోడ్డు మీద దుకాణాల వైపు పరిగెత్తారు. అలా పరిగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. పళ్ళెం చుట్టూ అందరూ కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. వెళ్ళిన మనిషి ఎంతకీ రాడు. పాలడబ్బాకు ఇంతసేపా అని ఒపొంగ్ సారాసీసా మూత తిప్పుతుండగా, డాక్టర్‌గారు దుమ్ము కొట్టుకుపోయి, ఆయాసపడుతూ వచ్చారు. చేతుల్లో పాలడబ్బాలు అట్టపెట్టెతో సహా ఉన్నాయి. దాని మీద కాగితంలో చుట్టిన బుల్లి చొక్కా, నిక్కరు ఉన్నాయి.

అందరూ ఆ చొక్కా వంక చూశారు. ఫ్రెమా నోరు తెరవబోతుంటే ఆయన అడ్డొచ్చారు.

"నాకు తెలుసమ్మా, నువ్వేమీ అనకు," అన్నారు. "కొలత తెలీక కొంచెం పెద్దది తెచ్చాను."